సర్ లాంబర్ట్ టోపీ తీసిన రోజు

సర్ లాంబర్ట్ స్టాక్‌డేల్ టోపీ తీయడు. బారోనెట్ అనే బిరుదున్నవాడు, పార్లమెంటు సభ్యుడు, ఎంతో మర్యాదస్థుడు, అయినా తీయడు. ఆయన దగ్గర కార్యదర్శిగా చేరిన మొదటిరోజు, నల్లటి పొడుగు టోపీ పెట్టుకునే సూపు తాగుతున్న మనిషిని చూసి నేను చెంచా జారవిడిచాను. ఆయన చెల్లెలు మిస్ హానర్ మాత్రం నిమ్మళంగా, "రొట్టె తీసుకోండి, అలవాటైపోతుంది," అంది.

నాకు అలవాటు కాలేదు. ఆయన పడుకునే ముందు గది గడియ పెట్టుకుని టోపీ తీసి కుళ్లాయి తగిలించుకునేవాడు. చర్చిలోపల టోపీ కూడదు కనుక పదిహేడేళ్లుగా వాకిట్లో నిలబడే ప్రసంగాలు విన్నాడు. వానొస్తే గొడుగు పట్టడం నా ఉద్యోగం. మేనకోడలి పెళ్లి కూడా కిటికీలోంచే చూశాడు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఎందుకిలా అని ఎవరడిగినా "చలి" అనేవాడు, జూలైలో కూడా.

పార్లమెంటు మాత్రం ఆయనకు స్వర్గం. అక్కడ కూర్చున్నంతసేపూ టోపీ ఉంచుకోవచ్చు, మాట్లాడాలంటేనే తీసి లేవాలి. అందుకే పదిహేడేళ్లలో ఒక్క ముక్క మాట్లాడలేదు. లోపల బట్టతల ఉందని కొందరు సభ్యులు, అసలు తలే లేదని మరికొందరు అనుకునేవారు.

అలా ఉండగా మా విథర్‌కోంబ్ ఊరి ఉమ్మడి బీడుకు కంచె వేసి ఒక భూస్వామికి అప్పగించే బిల్లు వచ్చింది. బీడు అంచున జేబెజ్ పింక్నీ అనే ముసలి మంగలి గుడిసె ఉంది. ఎనభై దాటాయి, కళ్లు ఆనవు. బిల్లు నెగ్గితే గుడిసె పోతుంది, ఆయన దిక్కులేనివాళ్ల శాలకు పోవాలి. సర్ లాంబర్ట్ నెలకోసారి శనివారం ఆ గుడిసెలోకి వెళ్లేవాడు. నేను బయట గుర్రాలు పట్టుకుని, కబుర్లకు వెళ్లాడనుకునేవాణ్ని.

చర్చ రోజు నేను పై గ్యాలరీలో ఉన్నాను. సర్ లాంబర్ట్ లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు.

సభ నిర్ఘాంతపోయింది. నేను కళ్లు మూసుకుని మళ్లీ తెరిచాను. ఒక పక్క చెవి పైదాకా బోడి, రెండో పక్క జుట్టు భుజం మీద పడుతోంది. నడినెత్తి మేకలు మేసిన చేనులా ఉంది.

"ఎవడయ్యా నీకీ ద్రోహం చేసింది?" అని ఎదుటి బల్లల్లోంచి ఎవరో అడిగారు. సభ ఘొల్లుమంది.

"జేబెజ్ పింక్నీ," అన్నాడు సర్ లాంబర్ట్. "చూపు మందగించాక ఆయన దగ్గరికి ఎవరూ పోవడంలేదు, నేనొక్కణ్ణే మిగిలాను. ఈ తల బయటపడితే ఊరు నవ్వుతుంది, ఆయన కత్తెర పక్కన పెట్టేస్తాడు. కత్తెర వదిలితే ఆ మనిషి బతకడు. అందుకని దాచాను. ఇప్పుడు గుడిసే పోతుంటే, ఇంకేం దాచను?"

అంతే, కూర్చున్నాడు. టోపీ పెట్టుకోవడం మర్చిపోయాడు. నవ్వు ఆగింది. బిల్లు పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయింది.

ఆ శనివారం నేనూ గుడిసెలోకి వెళ్లాను. జేబెజ్ ఆయన తల తడిమి మురిసిపోయాడు.

"ఇంత చక్కగా కత్తిరిస్తుంటే టోపీ ఎందుకు దొరా? నలుగురికీ చూపించాలి గానీ."

"చూపించాను జేబెజ్. సభంతా నోటమాట లేకుండా చూసింది."

ముసలాయన ఉబ్బిపోయి కత్తెర ఆడించుకుంటూ గుమ్మం వైపు తిరిగాడు. "అక్కడెవరో ఉన్నట్టున్నారు. కూర్చుంటారా?"

 సర్ లాంబర్ట్ నావైపు చూశాడు.

ఇది రాస్తుండగా, ఇంట్లో కూడా ఆ టోపీ ఎందుకని మా ఆవిడ మూడోసారి అడిగింది. చలి అని చెప్పాను.