తొందరపడిన ఆమెన్

జూన్ రెండో ఆదివారం ఉదయం ఏడుంబావుకు, తెనాలిలో మా చర్చి వెనక గదిలో ఇది మొదలైంది. బళ్ళో ముప్ఫై ఒక్క ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యానని, ఆరాధనకు ముందు హైస్కూలు పిల్లలకు కథలు చదవడం నేర్పే పని నాకు అప్పగించారు. ఆ రోజు పాఠం వ్యంగ్యం.

బైబిల్లో గుడికి ప్రార్థనకు వెళ్ళిన గర్విష్ఠి, పాపి ఇద్దరి ఉపమానం తీసుకున్నాను. తాను మిగతావాళ్ళలాంటివాడు కానందుకు మొదటివాడు దేవుడికి స్తోత్రం చెప్పుకునే చోటు వచ్చింది. దాన్ని మా పాస్టరుగారి రాగంలోనే చదివి, స్తోత్రం అన్న మాట దగ్గర ఆగాను. పిల్లలందరూ కళ్ళు మూసుకుని ఒకే గొంతుతో ఆమెన్ అన్నారు.

మా సంఘాల్లో అది అలవాటు. స్తోత్రం అన్న మాట చెవిన పడి, చదివేవారు ఊపిరి తీసుకుంటే చాలు, ఆమెన్ దానంతటదే వస్తుంది. ఎవరి ప్రార్థనకు ఆమెన్ అన్నారో చూసుకోమన్నాను. ఒక్కొక్కరే కళ్ళు తెరిచి నవ్వడం మొదలుపెట్టారు. తెనాలిలో పిన్ని ఇంట్లో ఉండి తొమ్మిదో తరగతి చదివే రేపల్లె అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"అయితే మనం వాడి పక్కన నిలబడ్డామా టీచర్?" అంది.

అంతకంటే బాగా నేనూ చెప్పలేను. కథలో మనిషి ఒకటి అంటుంటే కథ వేరొకటి చెబుతుందని, ఆ మనిషిలో మనం కనిపించేదాకా పాఠం పూర్తి కాదని చెప్పాను. యేసుకు ముళ్ళ కిరీటం పెట్టి రాజా అంటూ మోకరించిన సైనికులు వేళాకోళమనుకుని నిజమే పలికారని పిల్లలే కనిపెట్టారు.

తర్వాతి వారాల్లో వాళ్ళు ఆరాధనలో కూడా మాట పూర్తిగా విన్నాకే ఆమెన్ అనసాగారు. పొడుగు ప్రార్థనలు చేసే మా సంఘపెద్దగారికి అది తగిలింది.

"టీచరమ్మగారూ, నేను ప్రార్థన చేస్తుంటే మీ పిల్లలు పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు చూస్తున్నారండి. బాపట్ల కూటం అయ్యాక ఈ క్లాసు ఆపేద్దాం."

ఆ కూటంలో మా రేపల్లె పిల్ల చెప్పబోయే కథ విని, అప్పుడు ఆపమన్నాను.

బాపట్లలో యువజన కూటానికి రైల్లో వెళ్ళాం. దారి పొడుగునా ఆ అమ్మాయి కిటికీ వైపు తిరిగి కథ వల్లించుకుంది. నాకు ఒక్క ముక్క వినిపించనివ్వలేదు. క్లాసు ఉంటుందా పోతుందా అన్నది ఆ పిల్ల నోట్లో ఉంది.

కూటంలో ఆమె లేచి చెప్పిన కథలో ఒక రైతు కోతలయ్యాక ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టుకున్నాడు. పాస్టరుగారిలా గొంతు సాగదీసి అతని ప్రార్థన చెప్పింది. "ప్రభువా, పక్కవాళ్ళ చేలన్నీ మునిగినా మా చేను ఒక్కటే కాపాడావు, నీకే స్తోత్రం." హాలంతా ఆమెన్ అంది. అందరికంటే గట్టిగా అన్నది ముందు వరసలోని మా సంఘపెద్దగారు.

అమ్మాయి కథ ముగించింది. "చేను మునిగిన పక్కింటాయన ఆ ఇంట్లోనే చాప మీద కూర్చున్నాడు. ఆయన కూడా ఆమెన్ అన్నాడు," అని వచ్చి కూర్చుంది.

సంఘపెద్దగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అది సరేగానీ, ఆయనెందుకన్నాడమ్మా ఆమెన్?"

"అలవాటండి."

మొదట నవ్వింది ఆయనే. తర్వాత ఆ నవ్వు ఆపడానికి పాట ఎత్తుకోవలసి వచ్చింది.

తిరుగు రైల్లో ఆయన తీర్పు చెప్పారు. క్లాసు ఉంటుంది. అయితే ఆరాధనకు ముందు కాదు, మధ్యాహ్నం రెండున్నరకు. పిల్లలు పాఠం వేడి మీద తిన్నగా తన ప్రార్థనకు రావద్దన్నారు.

ఈ బేరంలో పోయినవి ఇవి: ఆ వేళకు ట్యూషన్ ఉన్న పిల్లలు ఇద్దరు, నా ఆదివారపు నిద్ర, సంఘపెద్దగారి ప్రార్థనలో సగం నిడివి.