సముద్రం తీసేసిన మావయ్య

ముప్పై రోజుల్లో నవల రాయమంటే ఎవరైనా మాటలు పెంచుకుంటూ పోతారు. తగ్గించుకుంటూ పోయినవాడు నాకు తెలిసి భూమ్మీద ఒక్కడే, మా మావయ్య. వృత్తి దర్జీ. రాయడం ఆయన సరదా, రాసింది కొట్టెయ్యడం ఆయన జబ్బు అని అప్పట్లో నేను గట్టిగా నమ్మాను.

ఆ నవలల నెల పెట్టింది మా లైబ్రరీ. నేను అక్కడ గుమాస్తాని. పన్నెండుమంది పేర్లిచ్చారు. రోజూ సాయంత్రం అయిదింటికి నోటుపుస్తకాలు తెస్తే నేను మాటలు లెక్కపెట్టి, ఆ రోజు ఎక్కువ రాసినవాళ్లను బోర్డు మీద పైన, తక్కువ రాసినవాళ్లను కింద వేస్తాను. కొట్టేసిన మాటలు లెక్కలోకి రావు. ఈ నియమం నేనే పెట్టాను. పెట్టినందుకు నెలంతా చెంపలేసుకున్నాను.

పన్నెండుమందిలో రిటైరైన టీచరమ్మ ఒకరు. పక్షవాతం వచ్చి తగ్గాక ఆవిడ కుడిచేతికి పట్టు చాల్లేదు. రోజూ రాస్తూ ఉండకపోతే వేళ్లు బిగుసుకుపోతాయని డాక్టరు చెప్పాడట. ఇంట్లో ఒక్కరే కూర్చుంటే రాయబుద్ధి కావడం లేదని మా దగ్గరికి వచ్చారు. వచ్చిన రోజే బోర్డు ముందు నిలబడి చెప్పేశారు.

"ముప్పయ్యేళ్లు పిల్లలకి ర్యాంకులు వేసినదాన్ని. నా పేరు అట్టడుగున కనిపించిన రోజు ఇక రాను. ముందే చెబుతున్నా, తర్వాత బతిమాలొద్దు."

ఆ రోజు ఆవిడ రాసింది తొంభై మాటలు. మిగతావాళ్లంతా వెయ్యి దాటారు.

రేపటినుంచి ఈవిడ రారు అనుకుంటుండగా, అంతసేపూ గుమ్మంలో నిలబడ్డ మావయ్య మెడలో టేపుతోనే లోపలికి వచ్చాడు. నా లెక్కల కాగితం వంక కాసేపు చూశాడు. మూల బల్ల దగ్గర కూర్చుని, స్కేలూ ఎర్ర పెన్సిలూ తీసి గీతలు కొట్టడం మొదలుపెట్టాడు. పుస్తకం నా చేతికి వచ్చేసరికి రెండు వేల మాటల్లో ఎనభై మిగిలాయి.

"ఓడ కెప్టెన్ కథన్నావు కదా మావయ్యా. సముద్రం ఏది?"

"తీసేశాను. కథకి కాస్త వదులుగా ఉంది."

"సముద్రం లేకుండా ఓడ ఎలా నడుస్తుంది?"

"ఓడ కూడా తీసేశాను. చూసుకోలేదా?"

చూశాను. టోపీ పెట్టుకున్న మనిషొకడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నవల మొత్తం అంతే. గదిలో అందరూ పగలబడి నవ్వారు. మావయ్య పేరు అట్టడుగున వేసి, దానికి పైన టీచరమ్మ పేరు వేశాను. ఆయన పిచ్చి పుణ్యమా అని ఆ రోజుకి గండం గడిచింది.

ఇక రోజూ అదే వరస. నాలుగో రోజు పొద్దున తుఫాను వచ్చింది, సాయంత్రానికి పోయింది. ఏడో రోజు కెప్టెన్‌కి పెళ్లి చేశానని దారిలో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. నా దగ్గరికి వచ్చేసరికి పెళ్లికూతురు లేదు.

"ఆ అమ్మాయి ఏమైంది మావయ్యా?"

"ఒక్కసారి కొలిచి చూశాను. ఇమడలేదు."

బోర్డు మీద అందరికంటే పైన ఉండేది మందుల షాపు ఆయన. ఆయనకి జాలేసింది.

"ఎందుకండీ ఈ అవస్థ? అసలు రాయడమే మానేస్తే సరిపోతుంది కదా."

"మానేస్తే కొట్టెయ్యడానికి ఏముంటుందండీ?" అన్నాడు మావయ్య తాపీగా.

అత్తయ్య ఒకరోజు లైబ్రరీకే వచ్చి నన్ను నిలదీసింది. "మీ దగ్గర ఏం మందు పెడుతున్నారే ఈయనకి? కొట్లో అంగుళం గుడ్డముక్క పారెయ్యరు. పొద్దున్నే లేచి పేజీలకి పేజీలు నింపుతారు. ఇక్కడికొచ్చి ఊళ్లకి ఊళ్లు పారేస్తారా?"

మావయ్యని మందలించే ధైర్యం నాకు లేదు. ఆయన బుద్ధిగా రాశాడంటే టీచరమ్మ కిందికి వచ్చేస్తారు. అందుకని ఆయన జబ్బు నెలాఖరుదాకా తగ్గకూడదని మనసులో కోరుకున్నాను. సొంత మేనకోడలు కోరుకోవలసిన కోరిక కాదది.

మూడో వారంలో చిత్రం జరిగింది. టీచరమ్మ రోజుకి రెండు వందలు రాయసాగారు, తర్వాత నాలుగు వందలు. అక్షరాలు కూడా కుదురుకున్నాయి. మావయ్య జబ్బూ కొంచెం తగ్గుముఖం పట్టింది. పద్దెనిమిదో రోజున ఓడ తిరిగొచ్చింది. ఇరవై రెండో రోజుకి సముద్రం వచ్చింది, ఉప్పుతో సహా. అయినా ఆయన పేరు మాత్రం కింది మెట్టు వదల్లేదు.

ఆఖరి రోజు పుస్తకాలన్నీ మొదటినుంచి సరిచూశాను. టీచరమ్మవి ఆరువేల నూట నలభై. మావయ్యవి అయిదువేల ఎనిమిదివందల నలభై. ఆయన పుస్తకం తిరగేస్తుంటే, ప్రతి రోజు రాతకీ చివర అంచులో పెన్సిలుతో రాసిన, రోజువారీ లెక్క హడావుడిలో నేనెప్పుడూ గమనించని చిన్న అక్షరాలు కనిపించాయి. మొదటి రోజు దగ్గర, "టీచరమ్మ తొంభై. మనం ఎనభై చాలు." ఇంకోచోట, "ఇంకా పన్నెండు మాటలు తియ్యాలి. వంటవాడు పోతే సరి."

కొట్టేసినవన్నీ కలిపి చూశాను. యాభై వేలు దాటాయి. మందుల షాపు ఆయన నెలంతా రాసినదానికంటే రెండు వేలు ఎక్కువ. నాకు సిగ్గేసింది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

"మావయ్యా, ఇదంతా ఆవిడ కోసమా?"

"మెల్లగా అనవే. ఆవిడకి వినపడుతుంది."

"వినపడింది," అన్నారు టీచరమ్మ, మా వెనకాలే నిలబడి.

మావయ్య టేపు సర్దుకుంటూ నేలచూపులు చూశాడు.

"నాకు మొదటి వారంలోనే తెలుసు," అన్నారావిడ. "పరీక్ష హాల్లో ముప్పయ్యేళ్లు తిరిగాను. జవాబు వచ్చి కూడా తప్పు రాసేవాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదా?"

"మరి కోప్పడలేదేం?" అడిగాను.

"కోప్పడదామనే వచ్చాను. ఆ రోజే పెళ్లికూతుర్ని తీసేశారు. పాపం అనిపించింది. నేను పది మాటలు ఎక్కువ రాస్తే ఈయనకి పది మాటలు మిగులుతాయి కదా అని పట్టుబట్టి కూర్చున్నాను. ఓడని వెనక్కి తేవడానికే పది రోజులు పట్టింది. సముద్రం దగ్గర వేళ్లు లాగేశాయి."

నెల అయిపోయింది కాబట్టి బోర్డు తుడుద్దామని డస్టరు తీశాను. మావయ్య గొంతు సవరించుకున్నాడు.

"టీచరమ్మగారూ, ఇంకో రెండు వందలు రాస్తారా? వంటవాడు ఇంకా రాలేదు. ఓడలో అందరూ పస్తులున్నారు."

టీచరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని కొత్త పేజీ తీశారు. డస్టరు అక్కడ పెట్టెయ్యమని నాకు సైగ చేశారు.