ఖుర్సీపార్‌లో వేళ కాని సైరన్

నగరాల చప్పుళ్లు రికార్డు చేస్తూ తిరిగే రోజుల్లో, ఎనభైల మొదట్లో, ఉక్కు కర్మాగారం ఉన్న భిలాయి వెళ్లాను. ఫ్యాక్టరీ సైరన్ మోగితే పక్షులు ఏం చేస్తాయో వినాలని కోరిక. పొద్దున ఆరింటికి అక్కడి రుఆబాంధా కాలనీ చెట్ల దగ్గర సైరన్ మోగగానే ఒక తేనెపిట్ట కూత ఆపేసింది. చాలాసేపటికి గాని మళ్లీ గొంతు విప్పలేదు.

పదకొండింటికి, తెలుగు కార్మికుల పేట ఖుర్సీపార్‌లో నేను దిగిన ఇంటి అరుగు మీద కూర్చుని ఆ టేపు పెట్టాను. సైరన్ వినపడగానే పక్కింటి అప్పలనర్సమ్మ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"ఏటయింది బాబూ? ఇది షిఫ్టు టైమ్ కాదు కదా."

వేళ కాని వేళ సైరన్ మోగితే లోపల ప్రమాదం జరిగినట్టేనని అక్కడివాళ్ల లెక్క. ఆమె భర్త సింహాచలం ఆ పొద్దుటి షిఫ్టులోనే ఉన్నాడు. టేపు తిప్పి మళ్లీ వినిపించినా ఆమె నమ్మలేదు.

"ఆయనొచ్చీదాకా మీరెక్కడికీ ఎల్లొద్దు," అంది.

ఇద్దరం వీధి మలుపు వైపు చూస్తూ కూర్చున్నాం.

రెండున్నరకు సింహాచలం సైకిలు దిగాడు. జరిగింది చెబితే కోప్పడలేదు.

"ఆ పిట్ట కూతేటో ఇనిపించండి భయ్యా," అంటూ స్పీకరుకు చెవి ఆనించాడు. తేనెపిట్ట సన్నగా, ఆగకుండా కూస్తోంది.

"ఇంకా పెట్టనేదేటి?" అన్నాడు.

అప్పలనర్సమ్మ అతని భుజం పట్టుకుంది. "నీకిలాగ ఎన్నాళ్ల బట్టి?"

అతను తల ఎత్తలేదు. "మిల్లు మోతలో అందరి చెవులూ ఇంతేనే," అన్నాడు.