బర్రె దాటని వాగు

పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడిచిన యుద్ధకాలం. యర్రగొండపాలెం నుంచి మార్కాపురం వస్తుంటే దారిలో వాగు పొంగి మా బస్సు ఆగింది. సాయంత్రం రైలు తప్పితే నంద్యాలలో నాకు రావలసిన కొలువు ఇంకొకడికి పోతుంది.

"బర్రెను తోలినాము. అది దాటితే మనమూ దాటొచ్చు," అన్నాడు డ్రైవరు. వానొస్తే ఇక్కడ అదే రూలట. బస్సులో నేను తప్ప ఎవరూ ఆశ్చర్యపోలేదు.

బర్రె వాగు మధ్యకు పోయి హాయిగా పడుకుంది. నీళ్లు తగ్గినా లేవలేదు. ఇక ఓపిక చచ్చి, పంచె ఎగగట్టి, పెట్టె నెత్తిన పెట్టుకుని నేనే అవతలి గట్టెక్కాను.

"మోకాటి లోతు కూడా లేదయ్యా, రండి!" అని అరిచాను.

డ్రైవరు తీరిగ్గా బీడీ ముట్టించాడు.

"నువ్వు దాటితే ఏం లాభమన్నా? బర్రె దాటాల గదా!"