నోరు విప్పని రాయబారి

ఆయనది దబ్బపండు ఛాయ, ఆరడుగుల విగ్రహం. ఆవిడ నలుపు, పొట్టి. ఆస్పత్రుల్లో బట్టలుతికే పెద్ద యంత్రాలు బాగుచెయ్యడం ఆవిడ పని. సంచి మోస్తూ నాలుగు మాటలు కలపడం మొగుడి పని. "మా రాయబారి" అని ఆవిడ వేళాకోళమాడేది. జనం తనతోనే మాట్లాడేది తన మాట తియ్యదనం చూసేనని ఇరవై రెండేళ్ళుగా ఆయన నమ్మకం. పాతకాలపు యాత్రాగ్రంథాలు తిరగెయ్యండి, పల్లకీలో వెళ్ళినవాళ్ళు రాసినవాటిలో దారిలో రాళ్ళే ఉండవు.

అలాంటాయనకి గొంతులో కంతి తీసిన డాక్టరు, పదిరోజులు నోరు విప్పొద్దన్నాడు. సరిగ్గా అప్పుడే పెద్దాస్పత్రి నుంచి పిలుపు. ఏడాది మరమ్మతు ఒప్పందం ఈసారి తన పేరునే కావాలని ఆవిడ పట్టు. ఇన్నాళ్ళూ అన్నీ ఆయన పేరునే. ఎవరి పేరైతేనేమని ఆయనే అంటూ వచ్చాడు.

ఆవిడ స్క్రూడ్రైవర్ మొన యంత్రానికి తాకించి, పిడి చెవికి ఆనించి వింది. బేరింగ్ పోయింది, రెండు రోజుల పని అంది. ఆస్పత్రి మేనేజరు ఆయన వైపు తిరిగి, "అంతేనంటారా?" అన్నాడు. ఆయన తలూపాడు. మేనేజరు కుదుటపడ్డాడు.

"మీరు విడమర్చి చెప్పబట్టి అర్థమైందండీ."

ఆయన ఉలిక్కిపడ్డాడు. నోట్లోంచి ఒక్క ముక్క రాలితే ఒట్టు. జేబులోంచి చీటీ తీసి రాశాడు: "మెకానిక్ ఆవిడ. ఒప్పందం ఆవిడ పేరునే రాయండి. నేను సంచి మోస్తాను." మేనేజరు చదివి ముచ్చటపడిపోయాడు. ఇంత నిగర్విని చూడలేదంటూ ఒప్పందం కాగితం సంతకానికి ఆయన ముందుకే తోశాడు.

ఆవిడ ముఖంలో కోపం లేదు, ఏనాటిదో అలుపు. అది ఇవాళే కంటబడింది ఆయనకి. సంచి ఆవిడ పక్కన దించి, బయటికి నడిచి తలుపు దగ్గరగా వేసేశాడు.

వరండాలో కాపలాదారు కుర్చీ తెచ్చి తుడిచి మరీ వేశాడు. ఎంత మర్యాదస్తుడో అని ఆయన ఎన్నిసార్లు మెచ్చుకున్నాడో అతన్ని. పొద్దున అతనే తనని ఊరికే లోపలికి వదిలి, ఆవిడ గుర్తింపు కార్డుని మాత్రం అటూ ఇటూ తిప్పి చూడటం ఇప్పుడు గుర్తొచ్చింది. కూర్చోబుద్ధి కాలేదు.

అరగంటకి ఆవిడ చెవికి గ్రీజు మరకతో, కాగితం మడుస్తూ వచ్చింది. ఆయన కుర్చీ ఆవిడ వైపు జరిపాడు.

"చూపెక్కడ పెట్టాలో తెలీక పాపం మేనేజరు, కాసేపు మన సంచితో మాట్లాడాడండీ," అంది కూలబడుతూ. "తర్వాత దారికొచ్చాడు. నా పేరే రాశాడు."

కాపలాదారు దగ్గరికొచ్చి, "మిషను ఎప్పటికి బాగవుతుందండీ?" అని ఆయన్ని అడిగాడు. ఆయన పైకప్పుకేసి చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపటికీ చూపు దించలేదు. చేసేదిలేక కాపలాదారు ఆవిడ వైపు తిరిగాడు.

"ఎల్లుండికి," అంది ఆవిడ.