రెండు పూటల పాలు చూసి కొన్న కంప్యూటరు

కరెంటు పోయింది. బల్ల కింద బ్యాటరీ పెట్టె కుయ్ కుయ్‌మని మొదలెట్టింది. ఆ కూత వినగానే మా ఆవిడ వంటింట్లోంచి "ఆ పిల్లిని బయటికి తోలండి" అంటుంది. రోజూ అనే మాటే. నాకు మాత్రం ఆ కూతలో మాణిక్యమ్మ గారి గొంతు వినబడుతుంది. "గేదె తన్నింది మాష్టారూ, మళ్ళీ కూర్చోండి" అంటారు ఆవిడ. కంప్యూటరుకీ గేదెకీ ఏమిటి సంబంధమని మీరు అడగవచ్చు. ఆవిడను చూడలేదు కాబట్టి అడుగుతారు. చూసినవాళ్ళెవరూ అడగరు.

మాణిక్యమ్మ గారు మలికిపురం దగ్గర మా ఊరి బడికి హెడ్మిస్ట్రెస్. నేను అదే బడిలో తెలుగు మాష్టారిని. రిటైరయ్యాక ఆవిడ మా పక్కింటివారు కూడా అయ్యారు. బడిలో ఆవిడ నడిచొస్తుంటే పిల్లలే కాదు, మేమూ చొక్కా గుండీలు తడిమి చూసుకునేవాళ్ళం. అంతటావిడ ఇంట్లో గేదెను పెంచి, పాలు తనే పిండుకుని, ఆ చేతులు కడుక్కుని వచ్చి ప్రార్థన గంట కొట్టించేవారు. ఎవరైనా వింతగా చూస్తే, "మా నాన్నగారు జీవితమంతా ఊళ్ళోవాళ్ళ గేదెల్ని మేపేరండి. నేను నా గేదెను మేపుకుంటున్నాను. నామోషీ ఏముందండీ ఇందులో?" అనేవారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ ఒక గేదెను కొనడానికి కపిలేశ్వరపురం వైపు గోదావరి లంకకు వెళుతూ నన్ను తోడు రమ్మన్నారు. గేదెల విషయంలో నాకు అపారమైన అనుభవం ఉందని స్టాఫు రూములో చెప్పుకున్నాను మరి. నిజం చెప్పాలంటే నా అనుభవం పెరుగు దగ్గర మొదలై మజ్జిగ దగ్గర ఆగిపోతుంది. పడవ దిగి వెళ్ళేసరికి రైతు గేదెను కడిగి, కొమ్ములకు నూనె రాసి నిలబెట్టాడు. మా వైపు గేదెను కొనేవాళ్ళు అమ్మేవాడి ఇంటికే వెళ్ళి, తమ చేత్తోనే పిండి చూసుకుంటారు. ఆవిడ కొంగు దోపుకుని కూర్చున్నారు. బిందె నురుగుతో నిండిపోయింది.

"ఇంకేం చూస్తారండీ, బయానా ఇచ్చేయండి" అన్నాను, అనుభవజ్ఞుణ్ణి కనుక.

"ఇవి పొద్దుటి పాలండి మాష్టారూ. సాయంత్రం పాలు చూడాలి కదండీ."

"అందాకా ఇక్కడేం చేస్తామండీ?"

"కూర్చుంటామండి."

కూర్చున్నాం. మధ్యాహ్నానికే రైతు ముఖం వాడిపోయింది. సాయంత్రం పిండితే బిందెలో సగం కూడా రాలేదు. ముందురోజు సాయంత్రం పిండకుండా వదిలేసి, పొదుగు నిండుగా కనబడేలా చేశాడన్నమాట. ఆవిడ కోప్పడలేదు. "గేదె మంచిదే బాబూ. నీ మాటే కాస్త పొంగింది" అని, సాయంత్రం పాలకు తగిన ధరకు దాన్నే కొన్నారు.

ఆ కొలత తరువాత నా మీద పడింది. నేను రాములవారి భక్తుణ్ణి. అయినా ఏటా డిసెంబరులో మాణిక్యమ్మ గారి చర్చి పిల్లలు ఆడే క్రిస్మస్ నాటికలో గొర్రెల కాపరులకు మాటలు నేనే రాయాలి. ఆవిడ అడిగితే కాదనే ధైర్యం మా జిల్లాలో ఎవరికీ లేదు. మొదటిసారి ఒక్క ఊపులో రాసి ఇచ్చాను. చదివి తిప్పి పంపారు. "ఇవి పొద్దుటి పాలండి. నురుగు ఎక్కువుంది. సాయంత్రం మళ్ళీ చదువుకుని, అప్పుడివ్వండి." నాకు ఒళ్ళు మండింది. సాయంత్రం చదువుకున్నాను. సగం కొట్టేశాను. మిగిలిన సగానికి జనం నవ్వారు.

అలా ఏళ్ళ తరబడి రాశాను. ఒక ఏడాది రాయనన్నాను. కొత్తతరానికి అవకాశం ఇవ్వాలని సాహిత్యం నుంచి విరమించుకుంటున్నట్టు ఊరంతా చెప్పాను. టీ కొట్టు దగ్గర చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ మర్నాడు మాణిక్యమ్మ గారు మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ చేసిన కాఫీ నేనే పట్టుకెళ్ళి ఇవ్వబోయాను. సాసరులో కప్పు టకటకా కొట్టుకుంది. ఆవిడ లేచి కప్పు అందుకుని పక్కన పెట్టారు.

"ఎన్నాళ్ళ నుంచండీ?"

"ఏదండీ? కొత్త కప్పు కదండీ, జారుతుంది."

"మాష్టారూ. సాయంత్రం పాలు చెప్పండి."

చెప్పాను. చెయ్యి వణుకుతోందనీ, నేను రాసింది నేనే చదువుకోలేకపోతున్నాననీ, డాక్టరు ఇచ్చిన మాత్రలతో కొంత తగ్గినా కలం మాత్రం నిలవడం లేదనీ చెప్పాను.

"నోటితో చెప్పి ఎవరిచేతైనా రాయించొచ్చు కదండీ?"

"మూడో మనిషి ఎదురుగా ఉంటే నా గొర్రెల కాపరులు నోరు విప్పరండి. నేనూ వాళ్ళూ ఒంటరిగా ఉండాలి."

"అయితే కంప్యూటరు కొనండి" అన్నారు. "వణికే చేతికి లొంగేది ఏదో ఒకటి ఉండకపోదు. నేను వస్తానండి తోడు."

అక్కడితో నా బుద్ధి మళ్ళీ పొంగింది. రామచంద్రపురంలో మా తోడల్లుడు ఒక లాప్‌టాప్ కొన్నాడు. అప్పడంలా పల్చగా ఉంటుంది, మీటల కింద ఎర్ర లైట్లు వెలుగుతాయి. దానికంటే పల్చనిది, దానికంటే ఎర్రనిది కొనాలని నేను బస్సెక్కినప్పుడే నిశ్చయించుకున్నాను. బోడసకుర్రు వంతెన దాటేసరికి దానికి ఎంబ్రాయిడరీ గుడ్డ కూడా మనసులో కుట్టించేశాను.

అమలాపురంలో గడియారస్తంభం దగ్గర షాపు. మేము అడుగుపెట్టగానే యజమాని వీరబాబు లేచి నిలబడి, "రచయిత గారు వచ్చేరు" అంటూ నాకు కుర్చీ వేశాడు. ఊహూఁ. లేచింది ఫ్యాను స్విచ్చి కోసం. కుర్చీ వేసింది మాణిక్యమ్మ గారికి. నేను నిలబడే ఉన్నాను.

"ఏ పనికండీ కంప్యూటరు?" అన్నాడు.

"పెద్ద పెద్ద పనులకండి" అన్నాను.

"నాటికలు రాసుకోడానికండి" అన్నారు ఆవిడ. "అప్పుడప్పుడూ కరెంటు బిల్లు కట్టుకోడానికి, కాకినాడలో ఉన్న మనవరాలి ఫొటోలు చూసుకోడానికి. అంతేనండి. పెన్షను మనిషి, ఆ పెన్షనుకు తగ్గట్టు చూపించండి."

అతను అవేవీ వినకుండా తోడల్లుడి లాప్‌టాప్‌కు పెద్దన్నలాంటిది తీశాడు. తెర మీద రంగురంగుల చిలకలు ఎగిరాయి. నా గుండె కూడా ఎగిరింది.

"చిలకలు బావున్నాయండి" అన్నారు మాణిక్యమ్మ గారు. "ఈయన చిలకల్ని కొనట్లేదు కదండీ. ఈయన్ని కూర్చోబెట్టండి."

"ఆయ్, కూర్చోబెడతానండి. ముందు దీని గొప్పలు చెబుతాను..."

"గేదెను కొనేటప్పుడు కొమ్ములు చూస్తామా బాబూ, పాలు పిండి చూస్తామా?"

వీరబాబు నవ్వేశాడు. "మాది రాజోలేనండీ. పిండే చూస్తామండి."

"మరి పిండనివ్వండి."

కూర్చున్నాను. ఫోనులో ఒక వేలితో తెలుగు కొట్టిన అలవాటు ఉంది. కానీ ఆ లాప్‌టాప్ మీటలు ఎంత మెత్తనివంటే, వేలి నీడ పడినా అక్షరం పడిపోతోంది. నా వణుక్కి ఒక్కో అక్షరం ఐదారుసార్లు రాలింది, గెల కోస్తే కాయలు రాలినట్టు. నేను ఒక గొర్రెను కొట్టబోతే తెర మీదికి మందంతా వచ్చింది.

"ఇది తన్నే గేదెండీ. వేరేది చూపించండి" అన్నారు ఆవిడ.

మూల బల్ల మీద ఒక నల్లపెట్టె, పెద్ద తెర, ఇటుకంత బరువైన కీబోర్డు ఉన్నాయి. ఏదో ఆఫీసులో కొన్నాళ్ళు వాడి తీసేస్తే బాగుచేసి పెట్టాడట. అన్నిటికంటే చవక. దాని మీటలు గట్టివి. ఊరికే తగిలితే కదలవు, కావాలని నొక్కితేనే దిగుతాయి. వేలు ఆడితే ఆడనీ, అది పట్టించుకోదు. మీట ఎంతసేపు నొక్కి ఉంచినా ఒక్క అక్షరమే పడేలా వీరబాబు ఏదో సర్దాడు. ఒక మాట కొట్టాను. పడింది. ఒక వాక్యం కొట్టాను. పడింది, నేను అనుకున్నట్టే.

"మేడమ్ గారూ, ఇది మరీ ముసలిదండి" అన్నాను గుసగుసగా.

"మనం పడుచువాళ్ళమా అండీ?"

భోజనాల వేళకు నాలుగు వాక్యాలు నిలిచాయి. "గెలిచేశాం, కొనేద్దామండి" అన్నాను. ఆవిడ చెప్పులు వేసుకుంటూ, "సాయంత్రం వస్తాం బాబూ" అని వీరబాబుతో అన్నారు. పొద్దుట నా చెయ్యి కాస్త మాట వింటుంది. మధ్యాహ్నం దాటితే వినదు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆవిడకు తెలుసు.

దగ్గరలో పనసపొట్టు కూరతో భోంచేసి, పొద్దు వాలాక మళ్ళీ వెళ్ళాం. ఈసారి వేళ్ళు బరువుగా ఉన్నాయి, చెయ్యి రెండింతలు వణుకుతోంది. అయినా మీటలు గట్టిగా నిలబడ్డాయి. నెమ్మదిగా కాపరులు వచ్చారు. బాలయేసును చూడటానికి అందరూ బయల్దేరితే, ముసలి కాపరి ఒకడు అడ్డం పడ్డాడు: "అందరం పోతే గొర్రెల్ని ఎవడు చూస్తాడ్రా?" అక్కణ్ణుంచి వాళ్ళు కొట్టుకోవడం, నేను రాయడం. పేజీ నిండింది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. తెర నల్లబడింది.

"అయ్యయ్యో, సేవ్ చేసేరాండీ?" అన్నాడు వీరబాబు.

"అదేంటండీ?" అన్నాను.

కరెంటు రాగానే వెతికాడు. ఒక్క అక్షరం మిగల్లేదు. నేను లేచాను. ఇందులో నురుగు లేదు, నా కళ్ళు తడిసే ఉన్నాయి. "ఇంటికి పోదామండి. నా వల్ల కాదు. రాయడం అయిపోయింది నాకు."

మాణిక్యమ్మ గారు కుర్చీలోంచి కదల్లేదు.

"గేదె తన్నింది మాష్టారూ. అంతేనండి. పాలు ఒలికిపోయాయి గానీ పొదుగు ఎక్కడికీ పోలేదు కదండీ. మళ్ళీ కూర్చోండి."

కరెంటు పోతే కూత పెట్టి, కాసేపు కంప్యూటరును నిలబెట్టే బ్యాటరీ పెట్టె ఒకటి వీరబాబు పరుగున తెచ్చి తగిలించాడు. కూర్చున్నాను. మొదటిసారి రాసిన ముసలి కాపరి కాస్త ఉపన్యాసం ఇచ్చేవాడు. రెండోసారి ఆ ఉపన్యాసం తనే మరిచిపోయి వచ్చాడు. అరగంటలో... కాదు, షాపు మూసే వేళకు పేజీ మళ్ళీ నిండింది. ఈసారి సేవ్ కూడా చేశాను. వీరబాబు నా భుజం మీంచి చదువుతూ పకపకా నవ్వాడు.

"ఇంతకీ గొర్రెల్ని ఎవరు చూసేరండీ?"

"క్రిస్మస్‌కి మా ఊరు రండి, చెబుతాను" అన్నాను. నాకు మళ్ళీ ఒక పాఠకుడు దొరికాడు.

మాణిక్యమ్మ గారు అప్పుడు లేచారు. "సాయంత్రం పాలు చూసేం బాబూ. ఇప్పుడు బిల్లు వేయండి. ఆ కూత పెట్టే పెట్టె కూడా."

ఆ తెర డబ్బాను ఒళ్ళో పెట్టుకుని బస్సులో నేను ఇంటికి వచ్చిన తీరు పట్టాభిషేకమే. తోడల్లుడు వచ్చి చూసి, "ఇదేంటన్నయ్యా, ఇంత పాతదా?" అన్నాడు. అతని అప్పడం మీద అతను ఇప్పటిదాకా రాసింది ఏమీ లేదు. నేను ఆ ఏడాది నాటిక రాశాను. తరువాత ప్రతి ఏడాదీ రాశాను.

మాణిక్యమ్మ గారు పోయిన వానాకాలం దేవుడి దగ్గరికి వెళ్ళిపోయారు. మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి. వేళ్ళకు అవి ఎక్కడున్నాయో తెలుసు కనుక ఇబ్బంది లేదు. పొద్దుట రాస్తాను, అప్పుడు చెయ్యీ మాట వింటుంది, నోరూ పొంగుతుంది. సాయంత్రం చదువుతాను. ఈ నాలుగు మాటలూ అలాగే రాశాను. షాపు యజమాని నాకు కుర్చీ వేయడం పొద్దుటి పాలు. వేయకపోవడం సాయంత్రం పాలు.

కంప్యూటరు మీద రాసిన ఆ మొదటి నాటిక గురించి పొద్దుట ఇలా రాశాను: చర్చి చర్చంతా లేచి నిలబడిందనీ, చప్పట్లకు పెంకులు ఎగిరిపడ్డాయనీ. సాయంత్రం చదివితే, జనం లేచింది ప్రార్థన కోసమని గుర్తొచ్చింది. ఆ చర్చికి పెంకులు లేవు, స్లాబు. రెండూ కొట్టేశాను. ముసలి కాపరి "గొర్రెల్ని ఎవడు చూస్తాడ్రా" అనగానే ముందు వరసలో మాణిక్యమ్మ గారు నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఈ వాక్యం పొద్దుట ఎంత ఉందో, సాయంత్రమూ అంతే ఉంది.