మావయ్య ముందు భయపడకూడదు

మావయ్యకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎదుటి మనిషి భయపడితే ఆయనకు ఒళ్లు మండిపోతుంది. అబద్ధం చెబితే ఊరుకుంటాడు, ఆలస్యంగా వస్తే ఊరుకుంటాడు, కొత్త చొక్కా మీద కాఫీ ఒలకబోసినా తుడుచుకుని వెళ్లిపోతాడు. కానీ ఎవరైనా కాస్త మొహం పాలిపోయి, పెదవులు తడుపుకుని "ఏమవుతుందో ఏమో" అన్నారా, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. నెత్తి మీది జుట్టు దగ్గర్నుంచి కాళ్ల చెప్పుల దాకా దేన్నీ వదలకుండా ఏకిపారేస్తాడు.

పక్కింటి ప్లీడరుగారికి మోకాలి ఆపరేషన్ అంటే అందరూ పళ్లూ ఫలాలూ పట్టుకుని ఆసుపత్రికి వెళ్లారు. మావయ్య ఉత్త చేతులతో వెళ్లాడు. ప్లీడరుగారు ట్రాలీ మీద పడుకుని వణుకుతున్నారు.

"ఆ మోకాలితో ఎప్పుడైనా పని చేయించావటయ్యా నువ్వు? కుళాయి కట్టేయడానికి కూడా పెళ్లాన్నే కేకేస్తావు. వీళ్లు మార్చాల్సింది మోకాలు కాదు, మనిషిని."

ప్లీడరుగారు ట్రాలీ మీద లేచి కూర్చున్నారు. "బయటికి వచ్చాక నీ మీద పరువునష్టం కేసు వెయ్యకపోతే నేను ప్లీడర్నే కాదు!" అని అరుస్తుండగానే థియేటర్ తలుపులు మూసుకున్నాయి. తెలివి వచ్చాక ఆయన అడిగిన మొదటి మాట, "వాడేడీ?" అని.

మావయ్య పని లిఫ్టుల మరమ్మతు. లిఫ్టు మధ్యలో ఆగిపోయి మనుషులు ఇరుక్కుంటే కంపెనీవాళ్లు ఆయన్నే పంపేవాళ్లు. మిగతా మెకానిక్కులు తలుపు బయట నిలబడి "కంగారు పడకండి సార్" అంటారు. మావయ్య అలా అనడు. ఒకసారి ఒక బ్యాంకు మేనేజరు ఇరుక్కుపోయాడు.

"గాలి ఆడట్లేదయ్యా! ప్రాణం పోయేట్టుంది!" అని లోపల్నుంచి కేక.

"గాలి ఆడకపోతే ఇంత గొంతు ఎక్కడిది? అయినా రెండో అంతస్తుకి లిఫ్టెందుకు? కాళ్లు అద్దెకిచ్చావా?"

"ఏయ్! ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తలుపు తీశాక చూస్తాగా. చూడదగ్గ మొహమేనా?"

తలుపు తెరుచుకునేసరికి, స్పృహ తప్పి పడిపోయి ఉండాల్సిన మేనేజరు చొక్కా చేతులు పైకి మడుచుకుని సిద్ధంగా నిలబడి ఉన్నాడు. మావయ్య మెట్ల మీదుగా పారిపోయి బతికాడు. కంపెనీకి ఫిర్యాదు వెళ్లింది. యజమాని పిలిచి చీవాట్లు పెట్టాడు. మళ్లీ లిఫ్టు ఆగితే మళ్లీ మావయ్యనే పంపాడు.

ఇలాంటి మనిషికి మేనకోడలై పుట్టడమే ఒక శిక్ష. ఆ మేనకోడలికి విమానమంటే భయం ఉండటం దాని మీద జరిమానా.

ఆమె పళ్ల డాక్టరు. పొద్దున లేస్తే నలుగురి నోళ్లలో డ్రిల్లు పెట్టే ధైర్యం ఉంది. విమానం మాట ఎత్తితే మాత్రం అరచేతులు చల్లబడతాయి. రెండుసార్లు టికెట్టు కొని, సామాను సర్దుకుని, విమానంలోకి వెళ్లే ఆ పొడుగాటి గొట్టం దారి మొదట్లో ఆగిపోయి, అటునుంచి అటే ఇంటికి వచ్చేసింది. రెండుసార్లూ వెళ్లాలనుకున్నది అక్క దగ్గరికే.

అక్క ఉండేది సముద్రాల అవతల. ఇన్నేళ్లకు కడుపు పండింది. అది కూడా కష్టంగా ఉంది, మంచం దిగొద్దన్నారు డాక్టర్లు. బావ ఓడ మీద ఇంజనీరు, కాన్పు నాటికి ఓడ ఏ సముద్రంలో ఉంటుందో ఆయనకే తెలియదు. అమ్మ పోయాక చెల్లెలికి జడలు వేసింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, పళ్ల డాక్టరు చదువు చదవమని పట్టుబట్టింది అన్నీ ఆ అక్కే. ఆ అక్క ఫోన్‌లో ఒక మాట అంది.

"నువ్వు రాలేవులేవే, నాకు తెలుసు. ఏం పర్లేదు."

దెప్పినా బాగుండేది. ఆ "ఏం పర్లేదు" విన్నాక పళ్ల డాక్టరుకి తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది. ఆ పూటే టికెట్టు కొనేసింది. కొన్న మరుక్షణం నుంచీ మళ్లీ అదే భయం.

సంగతి తెలిసిన ప్రతివాడూ ఒకటే మాట. "ఏం కాదు." పాలవాడు "ఏం కాదమ్మా" అన్నాడు. క్లినిక్కు మెట్లు తుడిచే ఆవిడ "ఏం కాదు డాక్టరమ్మా" అంది. ఏమీ కాదని వీళ్లకు ఎవరు చెప్పారు? విమానం వీళ్ల పెరట్లో తయారు చేశారా? ఎదుటి మనిషి గుండె గొంతులోకి వస్తుంటే ఒక "ఏం కాదు" పడేసి తమ దారిన తాము పోయేవాళ్లను చూస్తే ఆమెకు కొట్టాలనిపించేది. రోజూ డ్రిల్లు పట్టుకుని తను కూడా అదే మాట అంటున్నానని గుర్తొచ్చి ఇంకా మండిపోయేది.

ఎవరో శ్వాస నేర్పారు. ముక్కుతో పీల్చి, కాసేపు ఆపి, నోటితో వదలాలట. ఆమె మావయ్యగారింటి హాల్లో కూర్చుని సాధన మొదలుపెట్టింది.

"ఏంటే ఆ బుసలు?"

"భయం పోవడానికి మావయ్యా."

"పుట్టిన దగ్గర్నుంచీ పీలుస్తూనే ఉన్నావుగా, పోయిందా?"

మర్నాడు ఆమె భోజనాల కుర్చీలో కూర్చుని, నడుముకి చున్నీతో బెల్టు కట్టుకుని, ఫోన్‌లో విమానం మోత పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఇలా అలవాటు చేసుకుంటే భయం తగ్గుతుందని ఎక్కడో చదివింది. కాసేపటికి మోత ఒక్కసారిగా ఇల్లంతా అదిరేలా పెరిగింది. కెవ్వున కేకేసి కళ్లు తెరిస్తే, వంటింటి గుమ్మంలో మావయ్య ఖాళీ మిక్సీ తిప్పుతూ నిలబడి ఉన్నాడు.

"ఫోన్‌లో వినపడట్లేదే, అందుకని కాస్త సాయం చేశా."

"అత్తా! మీ ఆయన్ని నేను చంపేస్తాను!"

"చంపుదువుగాని తల్లీ. ముందు ఆ మిక్సీ ఆపించు" అంది అత్త, బట్టలు మడతపెడుతూ.

ఆ అత్తే చివరికి కొంప ముంచింది. "దీన్ని ఒక్కదాన్నీ పంపితే మళ్లీ గుమ్మం దాకా వెళ్లి వచ్చేస్తుంది. మీరు వెంట వెళ్లండి" అంది మొగుడితో.

"ఈయనతోనా? అన్ని గంటలా? దానికన్నా ఈదుకుంటూ పోవడం నయం" అంది మేనకోడలు.

"నాకు మాత్రం సరదానా? పక్కన కూర్చుని నీ బుసలు ఎవడు వింటాడు?" అన్నాడు మావయ్య. అని, వెళ్లి పెట్టె సర్దుకున్నాడు.

మావయ్య అంతకు ముందు విమానం ఎక్కి ఎరగడు. కానీ ఆ మాట ఎవరికీ తట్టలేదు. లిఫ్టు గోతుల్లో తాళ్లు పట్టుకుని వేలాడిన మనిషి భయపడతాడని ఎవరనుకుంటారు?

విమానాశ్రయంలో మావయ్య ఎందుకో చాలాసేపు మాట్లాడలేదు. ఆమెకు అదీ కోపంగానే ఉంది. తిట్టడానికి రానివాడు ఎందుకొచ్చినట్టు? పిలుపు వచ్చింది. అందరితో పాటు వరసలో నడిచింది. ఆ పొడుగాటి గొట్టం దారి మొదలయ్యే చోట కాళ్లు ఆగిపోయాయి. రెండుసార్లు ఆగిన చోటే. వెనకవాళ్లు పక్కనుంచి తప్పుకుని పోతున్నారు. అక్క మొహం గుర్తు తెచ్చుకుంది. కాలు కదల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మావయ్యా, నా వల్ల కాదు. నేను వెళ్లిపోతాను."

మావయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత వరసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా గొంతెత్తాడు.

"పో! నువ్వు మొదలుపెట్టింది ఏది పూర్తి చేశావు గనక? నా పన్నే చూడు. నువ్వు తొడిగిన తొడుగు అప్పుడే కదులుతోంది!"

పళ్ల డాక్టరు నిటారుగా నిలబడింది. "ఏంటి?"

"కదులుతోంది అంటున్నా. నాలికతో తోస్తే చాలు, అటూ ఇటూ ఊగుతోంది. సొంత మావయ్యే కదా అని నాసిరకం సరుకు తగిలించావు. బాబూ, మీకు పన్ను నొప్పి వస్తే ఈవిడ దగ్గరికి మాత్రం వెళ్లకండి!" అని పక్కన పోతున్న కోటు పెద్దమనిషికి చెప్పి, మావయ్య గబగబా గొట్టంలోకి నడిచాడు.

చదువు సంగతి ఎత్తండి, వంట సంగతి ఎత్తండి, ఆమె పడుతుంది. చేసిన పనిని అంటే మాత్రం ఊరుకోదు. ఆ తొడుగు కోసం ఒక ఆదివారమంతా పాడు చేసుకుంది. పైసా పుచ్చుకోలేదు. మావయ్య వెనకాలే పరుగెత్తింది.

"ఆగు! నేను తొడిగింది కదలడమేంటి? ఏ పన్ను? నోరు తెరువు!"

"నడిరోడ్డు మీద తెరవను."

"ఇది రోడ్డు కాదు! తెరువు ముందు!"

గొట్టం దాటారు. గుమ్మం దాటారు. నమస్కారం పెట్టిన ఎయిర్ హోస్టెస్‌ను ఆమె చూడను కూడా లేదు. మావయ్య సీట్లో కూలబడ్డాడు, ఆమె పక్కన కూర్చుంది. "బెల్టు మేడమ్" అంటే చూడకుండానే బిగించుకుంది. ఫోన్ లైటు వేసి మావయ్య గడ్డం పట్టుకుంది.

"ఆ... ఇంకా పెద్దగా. ఇదేగా? రాయిలా ఉంది! ఎక్కడ కదులుతోంది?"

"ఆఁ కాఆ, ఎఅక్కఏ."

"వెనకదా? వెనక పన్ను నేను ముట్టనే లేదు! అది దేవుడిచ్చిన పన్ను. దేవుడితో చెప్పుకో!"

వీపును ఎవరో కుర్చీలోకి నెట్టినట్టయింది. ఆమె విసుక్కుని మళ్లీ ముందుకు వంగబోయింది. వంగలేకపోయింది. కిటికీలో భవనాలు కిందికి జారిపోయాయి. కాసేపటికి తెల్లటి మబ్బు తప్ప ఇంకేమీ లేదు.

"మావయ్యా" అంది నెమ్మదిగా. "మనం పైకి వచ్చేశాం."

"వస్తే రానీ. నా పన్ను సంగతి తేల్చు."

పన్నుకు ఏమీ కాలేదు. ఎప్పుడూ ఏమీ కాలేదు. ఆ సంగతి ఆమె బుర్రకు ఇప్పుడు ఎక్కింది. దాంతోపాటు ప్లీడరుగారూ, బ్యాంకు మేనేజరూ, ఖాళీ మిక్సీ అన్నీ వరసగా కళ్ల ముందు కదిలాయి. కోపంతో మండిపోతున్న మనిషికి భయపడే తీరిక ఉండదు. ఈ ముసలాయన ఇన్నేళ్లూ ఊరందరి చేతా తిట్లు తిని చేసింది ఆ పనే. ఇన్నాళ్లూ చెప్పనందుకు ఆమెకు మళ్లీ ఒళ్లు మండింది.

అప్పుడు గమనించింది, తన వేళ్లు ఇంకా ఆయన గడ్డం మీదే ఉన్నాయని. దవడ వణుకుతోంది. కోపంతో బిగిసిన దవడ ఎలా ఉంటుందో, భయంతో వణికే దవడ ఎలా ఉంటుందో పళ్ల డాక్టరుకి వేరే చెప్పాలా? తేరిపార చూసింది. మావయ్య రెండు చేతులూ కుర్చీ చేతుల్ని పట్టుకున్న పట్టు, పీకి ఇంటికి పట్టుకెళ్లేలా ఉంది. నుదురంతా చెమట. కిటికీ వైపు మొహం తిప్పడం లేదు.

విమానం ఒక్క కుదుపు కుదిపింది. మావయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"ఏం కాదు మావయ్యా" అనబోయింది. నాలిక చివరిదాకా వచ్చిన ఆ మాటను మింగేసింది.

"నాకో అనుమానం" అంది పెద్దగా. "నువ్వు బాగుచేసిన లిఫ్టు ఏదైనా నెల రోజులు తిన్నగా నడిచిందా?"

మావయ్య ఒక కన్ను తెరిచాడు. "ఏమన్నావ్?"

"మా క్లినిక్కు లిఫ్టు నువ్వు ముట్టుకోకముందు బాగానే ఉండేది. ఇప్పుడు మూడో అంతస్తు నొక్కితే నాలుగుకి పోతోంది. అందరూ నవ్వుతున్నారు."

"ఎవడు నవ్వాడు?" రెండో కన్ను కూడా తెరుచుకుంది. కుర్చీని వదిలిన చెయ్యి గాల్లోకి లేచింది. "ఆ లిఫ్టు మోటారు మార్చమని మీ బిల్డింగు యజమానికి ఎన్నిసార్లు చెప్పాను? పిసినారి వెధవ!"

అలా మొదలైన తగువు సముద్రాలు దాటింది. మధ్యలో ఎయిర్ హోస్టెస్ వచ్చి "మీలో ఒకరికి వేరే సీటు చూడమంటారా?" అని అడిగింది. "అక్కర్లేదు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచేసరికి హడలిపోయి, ఇద్దరికీ భోజనం పెట్టేసి వెళ్లిపోయింది.

ఆసుపత్రి గది తలుపు తీసేసరికి అక్క మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. చెల్లెలిని చూసింది. నమ్మలేనట్టు మళ్లీ చూసింది. చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"వచ్చావటే! విమానం ఎక్కి వచ్చావటే!" అని కాసేపు ఏడ్చింది. తర్వాత పొట్ట మీద చెయ్యి వేసుకుని, గొంతు తగ్గించి అంది. "రేపు పొద్దున ఆపరేషన్ చేస్తామన్నారు. నాకు చాలా భయంగా ఉందే. ఏమవుతుందో ఏమో."

చెల్లెలు మావయ్య వైపు చూసింది. మావయ్య చెల్లెలి వైపు చూశాడు.

"మావయ్యా, ఈ జుట్టు చూశావా?" అంది పళ్ల డాక్టరు, నడుము మీద చేతులు పెట్టుకుని. "దువ్వెన కనిపెట్టారని ఈ దేశంలో ఇంకా తెలిసినట్టు లేదు."

"జుట్టు సరేనే" అన్నాడు మావయ్య, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "లోకంలో బిడ్డను కంటున్నది ఇదొక్కతేలాగుంది ఈ వాలకం చూస్తే. వచ్చినవాళ్లకి మంచినీళ్లు కావాలా అని అడిగిందా?"

అక్క ఏడుపు ఆగిపోయింది. మోచేతుల మీద కాస్త పైకి లేచింది. మొహంలోకి రంగు వచ్చింది.

"ఏంటీ? మంచం దిగొద్దన్న మనిషిని పట్టుకుని మంచినీళ్లు తెమ్మంటావా? పరామర్శించడానికి వచ్చారా, పోట్లాడ్డానికి వచ్చారా మీరిద్దరూ?"

"పోట్లాడ్డానికే" అంది చెల్లెలు, తలగడ సర్ది పక్కన కూర్చుంటూ. "పొద్దున దాకా ఇక్కడే ఉంటాం."